నొప్పి లేని గడ్డ

మహిళా సభ్యులకు ఆరోగ్య పాఠం

తెల్లవారుజామున పాలు పితకడానికి కూర్చున్న స్త్రీ ముందుగా గేదె పొదుగును కడిగి, చేతితో తడిమి చూస్తుంది. ఒక చనుకట్టు వేడిగా వున్నా, గట్టిపడినా, మొదటి ధారల్లో విరుగులు కనిపించినా ఆమెకు వెంటనే తెలిసిపోతుంది. ఆ పూటే పశువైద్యునికి కబురు పోతుంది. పొదుగువాపును అశ్రద్ధ చేస్తే ఆ చనుకట్టు పాడైపోతుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అదే స్త్రీ తన రొమ్ములో గడ్డ తగిలితే నెలల తరబడి ఎవరికీ చెప్పదు. ఇందుకు సిగ్గు ఒక కారణం. "నొప్పి లేదుగదా, అదే పోతుందిలే" అన్న ధీమా రెండవ కారణం. ప్రాణం మీదకు తెచ్చేది ఈ ధీమాయే.

పొదుగువాపు వేరు, క్యాన్సర్ వేరు

పొదుగువాపు సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. అందుకే వేడి, వాపు, నొప్పి కనిపిస్తాయి. రొమ్ము క్యాన్సర్ అట్లా కాదు. రొమ్ములోని కణాలు అదుపు తప్పి పెరగడం వల్ల యిది వస్తుంది. ఎక్కువగా పాలనాళాల లోపలి పొరలో మొదలవుతుంది. తొలిదశలో సాధారణంగా నొప్పి వుండదు, జ్వరం రాదు, పని ఆగదు. కాబట్టి నొప్పి లేకపోవడం మంచి గుర్తు అనుకోరాదు.

యిది అంటువ్యాధి కాదు. జబ్బు వున్న ఆమె కంచం, చెంబు వేరు చేయనక్కరలేదు. ఆమె పితికిన పాలను సంఘంలో అందరి పాలతోపాటు పోయించుకోవచ్చు.

ఎవరికి వస్తుంది?

మన దేశపు స్త్రీలలో అన్ని క్యాన్సర్లకన్నా ఎక్కువగా కనిపించేది యిదే. 2022లో సుమారు 1,92,000 మందికి కొత్తగా వచ్చినట్లు, సుమారు 98,000 మంది మరణించినట్లు అంతర్జాతీయ అంచనా. వయస్సు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. చిన్న వయస్సులో రజస్వల కావడం, ఆలస్యంగా బహిష్టులు ఆగడం, పిల్లలు లేకపోవడం, 30 ఏళ్ళు దాటాక తొలికాన్పు, బహిష్టులు ఆగాక ఒళ్ళు పెరగడం, మద్యం వంటివి ప్రమాదాన్ని పెంచుతాయి. తల్లికో, తోబుట్టువుకో వచ్చివుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే.

బిడ్డకు పాలివ్వడం తల్లికి కూడా రక్షణ. 2002లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన ప్రకారం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకు ప్రమాదం నూటికి 4 వంతులకు పైగా తగ్గుతుంది. అయితే పాలిచ్చినవారికి రానేరాదని కాదు. దాదాపు సగం మందిలో ఆడపుట్టుక, వయస్సు తప్ప మరో కారణం కనిపించదు. అరుదుగా మగవారికి కూడా వస్తుంది.

ఏమి గమనించాలి?

1. రొమ్ములోగాని, చంకలోగాని కొత్తగా తగిలే గడ్డ.
2. చర్మం లోపలికి గుంటపడడం, నారింజ తొక్కలా మారడం.
3. చనుమొన కొత్తగా లోపలికి పోవడం, దాని మీద మానని పుండు.
4. చనుమొన నుంచి రక్తం, రక్తపు చారలతో నీరు.
5. ఒక రొమ్ము ఆకారంలో కొత్తగా వచ్చిన మార్పు.

గడ్డలలో ఎక్కువభాగం క్యాన్సర్ కావు. కాని తేల్చవలసింది పరీక్షే, మన ఊహ కాదు. పాలిచ్చే తల్లి కూడా పాలు గడ్డకట్టాయని సరిపెట్టుకోరాదు. రెండు వారాల్లో పోకపోతే చూపించుకోవాలి. ఆకు పసర్లతో, కట్లతో కాలం గడపవద్దు.

చేతి పరీక్ష విలువ

ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు 1998లో ఒక పరిశోధన ఆరంభించారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకొకసారి స్త్రీల రొమ్ములను చేతితో పరీక్షించారు. పరీక్ష జరగనివారితో కలిపి సుమారు 1,51,000 మందిని 20 ఏళ్ళు గమనించారు. ఫలితం 2021లో వెలువడింది. పరీక్ష జరిగిన స్త్రీలలో 50 ఏళ్ళు, ఆపైబడినవారిలో ఈ జబ్బు మరణాలు నూటికి సుమారు 30 వంతులు తగ్గాయి. పెద్ద యంత్రాలు లేకుండా సాధించిన ఫలితమిది.

30 ఏళ్ళు దాటిన స్త్రీలకు ఈ పరీక్ష చేయాలని కేంద్రప్రభుత్వ మార్గదర్శకాలు 2016లో వచ్చాయి. మీ ఉపకేంద్రంలోని ఏఎన్ఎంను, ఆశా కార్యకర్తను అడగండి.

చికిత్స

గడ్డ అనుమానంగా వుంటే మామోగ్రామ్ లేక స్కానింగ్ తీస్తారు. తరువాత సూదితో చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. దీన్నే బయాప్సీ అంటారు. "సూది తగిలితే ముదురుతుంది" అన్నమాట నిజం కాదు. ఏ మందు పనిచేస్తుందో తేల్చేది ఆ ముక్కే.

ఆపరేషన్ అంటే రొమ్మంతా తీసివేయడమే అని భయపడనక్కరలేదు. తొలిదశలో గడ్డవరకు తీసి రేడియేషన్ ఇస్తే, రొమ్మంతా తీసినవారితో సమానంగా జీవిస్తారని 20 ఏళ్ళు గమనించిన పరిశోధనలు 2002లో రుజువు చేశాయి. మనవాళ్ళు "కరెంటు పెట్టడం" అనే ఈ చికిత్సలో విద్యుత్తు పెట్టరు, కిరణాలు పంపిస్తారు. అవసరాన్నిబట్టి కీమోథెరపీ, కొందరికి 5 ఏళ్ళో, ఆపైనో వేసుకునే హార్మోను మాత్రలు వుంటాయి. ఆలస్యమైనకొద్దీ చికిత్స పెద్దదవుతుంది, నయమయ్యే అవకాశం తగ్గుతుంది.

హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తెలంగాణలో ఆ పేరుతోనే, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడుస్తోంది. అర్హులైనవారికి ఈ పథకంలో క్యాన్సర్ చికిత్స వుంది. వెళ్ళేటప్పుడు కార్డు, పాత చీటీలు వెంట తీసుకువెళ్ళండి.

పాడి పని సంగతి

కీమోథెరపీ రోజుల్లో రోగనిరోధకశక్తి తగ్గుతుంది. పేడ ఎత్తడం, జబ్బుపడిన పశువును ముట్టుకోవడం ఇంట్లో మరొకరు చూసుకోవాలి. పచ్చిపాలు తాగరాదు. జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి వెళ్ళాలి. చంకలోని గ్రంథులు తీసిన చేతికి వాపు రావచ్చు. కాబట్టి నేర్పిన వ్యాయామం మానకూడదు. ఆ చేతితో మళ్ళీ పాలు పితకడం ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరును అడగాలి.

మగ సభ్యులకు ఒక మాట. గేదెకు జబ్బు చేస్తే ఆ రోజే డాక్టరు కోసం పరుగెత్తేది మీరే. మీ ఇంటి ఆడవారు గడ్డ వుందని చెప్పిననాడు కూడా "కోతలు కానీ" అనకండి. ఆ మర్నాడే బయలుదేరండి.

సంఘ సమావేశంలో చర్చించండి

1. నొప్పి లేని గడ్డను ఎందుకు చూపించుకోవాలి?
2. మన ఊళ్ళో 30 ఏళ్ళు దాటిన సభ్యురాళ్ళలో పరీక్ష చేయించుకున్నవారెందరు?
3. చికిత్సకు వెళ్ళిన సభ్యురాలి ఇంట పశువులను చూసేందుకు ఎవరు ముందుకు వస్తారు?