చిన్న కారు నేర్పు పాఠము

1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమున తీగలు లేకయే రేడియో తరంగములతో ఒక చిన్న పడవను నడిపి చూపెను. అట్టి విద్యతోనే 1976లో జపాను దేశపు టామియా సంస్థ పోర్షే కారు నమూనాను ఆటకారుగా చేసి విక్రయించెను. నేడు పలు దేశముల క్లబ్బులలో టూరింగు కార్ల పందెములు జరుగుచున్నవి.

ఈ కారు నిజమైన కారు కొలతలలో పదవవంతుండును. విద్యుత్తు మోటారు దీని నాలుగు చక్రములను త్రిప్పును. పందెము సాధారణముగా 5 నిమిషములు.

తొందరపాటు గల ఆటగాడు వేగమునకై మోటారునకు పెద్ద పళ్లచక్రమును బిగించును. తిన్నని దారిలో కారు దూసికొనిపోవును. కాని మలుపు దాటగానే జోరు తగ్గును, మోటారు వేడెక్కును. అంతట నతడు స్ప్రింగులను, టైర్లను, షాక్‌అబ్జార్బరులలోని నూనెను ఒక్కసారే మార్చివేయును. కారు బాగుపడినను, చెడినను కారణమేదో అతనికే తెలియదు.

నేర్పరి అట్లు చేయడు. ఒక్కదానినే మార్చును, కొన్ని చుట్లు నడుపును, ఒక్కొక్క చుట్టునకు పట్టిన కాలమును పుస్తకమున వ్రాసికొనును. ఫలము కానరానిచో దానిని మరల మొదటివలెనే అమర్చి, వేరొకదానిని పరీక్షించును.

బాలలారా! యంత్రమును ఒకసారికి ఒక ప్రశ్నయే అడుగవలెను. అప్పుడే దాని సమాధానము మనకు బోధపడును.