గుప్పెడు బియ్యము, ఒక సాలు పసుపు

చదువవలసిన భాగములు: 1 కొరింథీ. 16:1–4; 2 కొరింథీ. 8:1–21, మార్కు 12:41–44



మన గ్రామ సంఘములలో ధర్మకార్యమునకు చందా అనగానే రెండు మాటలు వినబడుచుండును. "మాయొద్ద ఏమున్నది?" అనునది మొదటిది. "పట్నములో ఎవరైనా పెద్దవారిని అడుగుడి" అనునది రెండవది. విధవరాలి వైద్యమునకు ఖర్చు, తండ్రిలేని పిల్లవాని చదువునకు ఫీజు, ఇల్లు కాలిన కుటుంబమునకు పైకప్పు రేకులు మన వాకిటికి అక్కరయై వచ్చినప్పుడు ఈ రెండు మాటలతోనే దినములు గడచిపోవును. గనుక బీద సంఘము సులువుగా ధర్మనిధిని కూర్చుకొనుట ఎట్లో ఈ నెల పాఠములో నేర్చుకొందము.

1. పౌలు చేసిన ఏర్పాటు

యెరూషలేములోని బీదలకొరకు పౌలు చందా పోగుచేసెను. అందుకు అతడు కొరింథీయులకు నేర్పిన పద్ధతి బహు తేలికైనది. ప్రతివాడును, వారమున మొదటి దినమున, తన వర్ధిల్లిన కొలది, తన ఇంటిలోనే కొంత తీసి పెట్టవలెను. తాను వచ్చిన దినమున హడావిడిగా పోగుచేయుట అతనికి ఇష్టము లేదు.

మాసిదోనియ సంఘములు మిక్కిలి బీదవి. అయినను ఈ పరిచర్యలో తమకును పాలు కావలెనని వారే పౌలును బతిమాలుకొనిరి. ఇక్కడ మనము నిలిచి ఆలోచింపవలెను. బీదవానియొద్ద కానుక పుచ్చుకొనకుండుట దయ అని మనము తలంచుదుము. అయితే యేసు ప్రభువు బీద విధవరాలి రెండు కాసులను ఆపలేదు, వాటిని మెచ్చుకొనెను. ఎల్లప్పుడును పుచ్చుకొనువాడుగానే ఎంచబడినవానికి ఇచ్చు చెయ్యి కలుగుట గొప్ప గౌరవము. తరతరములుగా ఊరి చివర నిలువబడి చెయ్యి చాచిన మన పెద్దల బిడ్డలకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

2. మన జిల్లా నేర్పు పాఠము

డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు తన భర్త జార్జి కెర్ దొరగారితో 1907లో హైదరాబాదు రాజ్యమునకు వచ్చిరి. కుష్ఠరోగులను ఊరివారు వెలివేయుట చూచి వారు 1911లో నిజామాబాదులో ఆ రోగులకొరకు పని మొదలుపెట్టిరి. అప్పుడు రాజా నర్సాగౌడు అను హిందూ దాత ముందుకు వచ్చి ధనసహాయము చేసిరి. 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి తెరువబడెను. పని నిజమైనదైతే పొరుగువాడు ఏ మతస్థుడైనను చెయ్యి వేయును. అయితే మొదట పని కనబడవలెను.

రెండవ పాఠము బోధనునుండి నేర్చుకొందము. 1937లో స్థాపింపబడిన నిజాము చక్కెర ఫ్యాక్టరీ ఎన్నో ఇండ్లకు అన్నము పెట్టెను. 2015లో అది మూతపడినప్పుడు జీతములు పోయినవి; చెరకు రైతులు దిక్కుతోచక నిలిచిరి. ఒక్క ఆధారమునకే కట్టిన బ్రదుకు ఆ ఆధారముతోనే కూలును. ధర్మనిధియు అంతే. ఒక్క పెద్ద దాతమీద ఆనుకొనిన నిధి ఆయన చెయ్యి ముడిచిన దినమున నిలిచిపోవును. గల్ఫుదేశములలో కూలిచేయు మన తమ్ములను పెద్ద దాతలుగా ఎంచి మొదట వారినే అడుగుటయు సరికాదు. వారిలో అనేకులు వెళ్లుటకు చేసిన అప్పే ఇంకను తీర్చుచున్నారు.

పోచంపాడ్ యొద్ద గోదావరి ఆనకట్టకు 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. ఆ జలాశయము ఒక్క వానకు నిండదు. ఎగువనున్న ఎన్నో వాగులు వంకలు కలిసి దానిని నింపును. మన నిధియు అట్లే నిండవలెను.

3. సులువైన మార్గములు

(అ) గుప్పెడు బియ్యము. మిజోరము కొండలలో క్రైస్తవ స్త్రీలు 1910లో ఈ వాడుక మొదలుపెట్టిరి. వంటకు బియ్యము కొలిచినప్పుడెల్ల ఒక గుప్పెడు వేరు కుండలో వేయుదురు. నేటికిని అది సాగుచున్నది. మన లెక్క చూడుడి. గుప్పెడు 50 గ్రాములనుకొందము. దినమునకు ఒక గుప్పెడు వేసిన 40 ఇండ్లనుండి నెలకు 60 కిలోలు వచ్చును. కిలో 40 రూపాయల వంతున 2,400 రూపాయలు, సంవత్సరమునకు 28,800. ఏ ఇంటిలోను ఎవరికిని కూడు తగ్గలేదు. అయితే చౌకధరల దుకాణపు బియ్యమును అమ్ముట చట్టవిరుద్ధము. అట్టి బియ్యము కుండలో చేరినయెడల దానిని అమ్మక, వండి ఆకలిగొన్నవారికి పెట్టుడి.

(ఆ) ఒక సాలు పసుపు. ఆర్మూరు, బాల్కొండ వైపున పసుపు వేయువారు విత్తునప్పుడే ఒక సాలు ధర్మమునకని యేర్పరచవచ్చును. త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి మార్కెటుకు తోలునప్పుడు ఆ సాలు వెల వేరుగా ఉంచవలెను. పొలము లేనివారు ఒక కోడిపెట్టను గాని, పెరటిలోని ఒక బొప్పాయి చెట్టును గాని యేర్పరచవచ్చును. ముందుగా యేర్పరచిన దానిమీద తరువాత ఆశ పుట్టదు.

(ఇ) ఒక దినపు కూలి. నాట్ల కాలమున మన స్త్రీలు జట్టుగా పొలము గుత్తకు పట్టుదురు. ఆ కాలములో ఒక్కదినపు కూలిని జట్టంతయు కలిసి ఇచ్చినయెడల ఒకరి చెయ్యి ఒకరికి బలమగును. జ్వరముతోనున్న దానిని ఆ దినము పిలువకుడి.

(ఈ) పంట పండుగ వేలము. తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు, ధాన్యము వేలమువేయుట మన సంఘములలో వాడుకే. అయితే పాటలో ఇద్దరు ధనవంతులు పంతమునకు పోయి, తక్కినవారు తలవంచుకొని కూర్చుండరాదు. కొన్ని వస్తువులను చిన్న పొట్లములుగా కట్టి నిర్ణయించిన వెలకు అమ్మినయెడల బీద తల్లికిని ఒక పొట్లము దొరకును.

4. చేయరానివి

లాటరీ చీట్లు, లక్కీ డ్రాలు పెట్టకుడి. అవి దయను పెంచవు, ఆశను పెంచును. వడ్డీకి తెచ్చి కానుక వేయు వారిని ఆపుడి. కలిగిన దానినిబట్టియే కానుక అంగీకరింపబడునని పౌలు స్పష్టముగా వ్రాసెను. ఇచ్చినవారి పేర్లను మొత్తముల వరుసను బట్టి చదువకుడి. సహాయము పొందినవారిని నిలువబెట్టి ఫోటో తీయకుడి. వారు రేపు అదే వీధిలో నడువవలెను.

5. లెక్క చెప్పుట

యెహోయాదా యాజకుడు పెట్టెకు బెజ్జము చేసి బలిపీఠము దగ్గర అందరి ఎదుట ఉంచెను. సొమ్ము లెక్కించినవారు ఇద్దరు (2 రాజులు 12:9–10). అపొస్తలుడైన పౌలు సహితము చందా సొమ్మును ఒంటరిగా మోయలేదు. సంఘములు ఏర్పరచినవారిని వెంట తీసికొనెను. మనమును అట్లే చేయుదము. సంఘము పేరిట బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకము, నెలకొకసారి ఆరాధన తరువాత జమయు ఖర్చును బిగ్గరగా చదువుట. నేడు ఫోనుద్వారా సొమ్ము పంపుట సులువాయెను. గాని అది కాపరి ఖాతాకు గాని, పెద్దల ఖాతాకు గాని పోరాదు. లెక్క విన్న సంఘము మరుసటి నెల సంతోషముగా ఇచ్చును. లెక్క వినని సంఘము మొదట గుసగుసలాడును, తరువాత చెయ్యి ముడుచును.

కుటుంబములలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన సంఘములో కానుక ఎన్నడును అడుగబడని ఇల్లు ఏది? ఎందుచేత అడుగలేదు?
2. మన ఇంటిలో ధర్మమునకు ముందుగా యేర్పరచదగినది ఏది?
3. మన ఊరిలో ఈ నెల తీర్చవలసిన ఒక్క అక్కర ఏది? దానికి ఎంత కావలెను?

మూడవ ప్రశ్నకు జవాబు దొరకిన దినముననే కుండ పెట్టుడి. అక్కర పేరు తెలిసిన గుప్పెడు మరువబడదు.