పుట మీద చూపు: కన్ను ఎలా వెతుకుతుంది? యంత్రం ఎలా చదువుతుంది?

 వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగారు. కష్టపడి చదవండి అని చెప్పేవాళ్లు మీకు ఎలాగూ చాలామంది ఉన్నారు. అందుకని నేను వేరే సంగతి రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా ఊళ్లో శెనక్కాయ పంట నష్టపరిహారం జాబితా గోడకు అంటించారు. వందల పేర్లు, చిన్న అక్షరాలు. మా నాయనకు చదువు రాదు. "మన పేరుండాదేమో సూడప్పా" అన్నాడు. నేను పైనుంచి కిందికి గబగబా చూసుకుంటూ దిగి, "ఉంది నాయనా" అన్నాను. తీరా డబ్బు కోసం పోతే, పాసుపుస్తకంలో పేరుకూ జాబితాలో పేరుకూ పొంతన లేదన్నారు. నాయన పేరు చివర ‘ప్ప’ ఉండాలి. జాబితాలో ‘మ్మ’ పడింది. సరిచేసుకునే గడువు అప్పటికే దాటిపోయింది. ఆ ఏడు మాకు ఆ డబ్బు రాలేదు. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ ‘మ్మ’ నా కంటికి కనపడలేదా? కనపడే ఉంటుంది. నేను చదవలేదు, అంతే. ఎందుకు చదవలేదో పి.జి.కి వచ్చాక తెలిసింది.

మన కన్ను వాక్యం వెంట నీళ్లు పారినట్టు సాఫీగా పోదు. మిడతలాగా దూకుతుంది. 19వ శతాబ్దం చివరి భాగంలో ఫ్రాన్సుకు చెందిన కంటి వైద్యుడు ఎమిల్ జావాల్ ఈ సంగతిని లోకం దృష్టికి తెచ్చాడు. మీరూ పరీక్షించవచ్చు. పాత పేపరు మధ్యలో పెన్సిలుతో చిన్న బెజ్జం చేయండి. మీ మిత్రుడిని ఆ పేపరు చదవమని, వెనక నుంచి బెజ్జంలో అతని కళ్లను చూడండి. దూకడం, ఆగడం, మళ్లీ దూకడం కనిపిస్తుంది. ఆగినచోట సుమారు పావు సెకను ఉంటుంది. దూకేటప్పుడు ఏమీ చదవదు. ఇంకొకటి, కంటికి స్పష్టంగా కనపడే జాగా చాలా తక్కువ. చెయ్యి చాపి బొటనవేలు చూసుకుంటే, ఇంచుమించు ఆ గోరంత. మిగతాదంతా మసకే. ఆ మసకను మెదడు తనకు తెలిసినదానితో నింపుకుంటుంది. పేరు మొదలు కనపడగానే చివర ‘ప్ప’ అని నా మెదడే రాసుకుంది. ఎదురుచూసే పేరు కదా!

అందువల్ల వెతకడం వేరు, సరిచూడడం వేరు. ఇంగ్లీషు పరీక్షలో పేరాగ్రాఫ్ ఇచ్చినప్పుడు ముందు ప్రశ్నలు చదివి, అందులోని సంవత్సరాన్నో పేరునో పట్టుకొని పేరాలో వెతకండి. అక్కడ దూకే కన్ను మనకు మేలు చేస్తుంది. సరిచూసేటప్పుడు అదే కన్ను మోసం చేస్తుంది.

ఇక యంత్రం సంగతి. స్కానర్ అద్దం కింద ఒక దీపం కాగితం పొడవునా జరుగుతుంది. కాగితం మీద పడి తిరిగొచ్చిన వెలుగును ఒక వరుసలో ఉన్న సెన్సర్లు కొలుస్తాయి. తెల్ల జాగా నుంచి ఎక్కువ వెలుగు, సిరా నుంచి తక్కువ. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఒక ఏ4 కాగితాన్ని స్కాన్ చేస్తే దాదాపు 87 లక్షల చుక్కలు వస్తాయి. ఒక్క చుక్కనూ వదలదు. కానీ అక్కడికి అది బొమ్మ మాత్రమే, అక్షరం కాదు. మీరు పరీక్షల్లో దిద్దే ఓఎంఆర్ షీటు కూడా ఇంతే. ఆ యంత్రానికి మీ జవాబు తెలియదు, ఏ వలయం నల్లగా ఉందో మాత్రమే తెలుసు. అందుకే సగం దిద్ది వదిలేయవద్దు.

బొమ్మలోంచి అక్షరాలను తీసే పనిని ఓసీఆర్ అంటారు. ఇంగ్లీషులో అక్షరాలు పక్కపక్కన కూర్చుంటాయి. మనవి అలా కాదు. తలకట్టు, గుడి పైన, ఒత్తులు కింద. పై వరుసలోని ఒత్తు కింది వరుసలోని గుడికి తగిలితే ఏది ఎవరిదో యంత్రానికి తెలియదు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. కంప్యూటరు యూనికోడ్‌లో దాన్ని ఆరు ముక్కలుగా దాచుకుంటుంది. ‘బ’కూ ‘భ’కూ, ‘ద’కూ ‘ధ’కూ తేడా ఒక చిన్న గీత. పాత పుస్తకంలో ఆ గీత అరిగిపోయి ఉంటుంది. నా ప్రాజెక్టు పనిలో ‘బాధ’ను కంప్యూటరు ‘బాద’ అని చదివింది. దానికి బాధ తెలియదు కదా అని మా వాళ్లు నవ్వారు.

ఈ పని మీద మనవాళ్లు చాలాకాలంగా శ్రమిస్తున్నారు. అచ్చు తెలుగు అక్షరాల గుర్తింపు మీద రాజశేఖరన్, బి.ఎల్. దీక్షితులు 1977లోనే పరిశోధన పత్రం ప్రకటించారు. 2001లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం నుంచి అతుల్ నేగి, చక్రవర్తి భగవతి, బి. కృష్ణ తెలుగు ఓసీఆర్ పద్ధతిని వివరించారు. ఇప్పుడు ఉచితంగా దొరికే టెసెరాక్ట్ కూడా తెలుగు చదువుతుంది. 2018లో వచ్చిన దాని నాలుగో వెర్షన్ నుంచి అది వరుసనంతా చూసి, పక్క అక్షరాలను బట్టి కూడా పోల్చుకుంటుంది. అంటే గోడ దగ్గర నేను చేసిన తప్పు చేసే గుణం యంత్రానికి కూడా వచ్చిందన్నమాట!

పుస్తకాలను స్కాన్ చేసే పెద్ద పనిలో కూడా మన ప్రాంతం పేరు ఉంది. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1994లో ట్యూరింగ్ అవార్డు పొందారు. ఆయన ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. వేలాది తెలుగు పుస్తకాలు అందులోకి ఎక్కాయి. అయితే పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో తలా ఒక రకంగా టైపు చేయడంతో పుస్తకం ఉండి కూడా దొరకని పరిస్థితి. గోడ మీద మా నాయన పేరు లాంటిదే. ఆ సైటు తర్వాత ఆగిపోయింది కానీ, చాలా ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చూడవచ్చు.

తెలుగు వికీసోర్స్‌లో ఒక పద్ధతి నాకు బాగా నచ్చింది. ఒకవైపు స్కాన్ బొమ్మ, ఇంకోవైపు యంత్రం చదివిన పాఠం. ఒకరు సరిదిద్దితే పుట పసుపు రంగులోకి వస్తుంది. ఇంకొక మనిషి మళ్లీ సరిచూస్తేనే ఆకుపచ్చ. దిద్దినవాడే ఆకుపచ్చ చేసుకోవడానికి వీల్లేదు.

మీ స్కాలర్‌షిప్ దరఖాస్తు, హాల్ టికెట్, పదో తరగతి నామినల్ రోల్ వచ్చినప్పుడు ఇలాగే చేయండి. స్కేలు అడ్డం పెట్టి, పేరును చివరి అక్షరం నుంచి వెనక్కి చదవండి. వెనక్కి చదివితే మెదడుకు ఊహించే వీలు ఉండదు. తర్వాత పక్క మంచం వాడికి ఇచ్చి పైకి చదవమనండి. ఇప్పుడు జాబితాలు ఫోన్‌లోకే వస్తున్నాయి. మా నాయన ఫోన్ నా చేతికిచ్చి, "కడాకు సూడప్పా, కడా అచ్చరం" అంటాడు.