ఆక్సలాటల్ మొప్పలు

మెక్సికో నగరమునకు దక్షిణభాగమున సోచిమిల్కో అను సరస్సు కలదు. సరస్సు అనుట పూర్వపు మాట. ఇప్పుడు అచట మిగిలినవి కాలువలును, వాని నడుమ పూర్వులు బురద నెత్తిపోసి నిర్మించిన పంటమడులును మాత్రమే. ఆ నీటిలో ఆక్సలాటల్ అను వింతజంతువు నివసించును. అది చేప కాదు. కప్పకు దూరపు చుట్టము, సాలమాండర్ తెగకు చెందిన ఉభయచరము. జానెడు పొడవు, వెడల్పైన తల, రెప్పలు లేని చిన్న కన్నులు. దాని నోటి తీరు చూచినవారికి అది ఎల్లప్పుడు చిరునవ్వు నవ్వుచున్నట్లు తోచును. బాధలో నున్నప్పుడును ఆ నవ్వు మారదు. కావున ముఖము చూచి దాని స్థితిని గ్రహింప వీలు లేదు. మొప్పలనే చూడవలెను.

కప్పపిల్ల మొప్పలతో పుట్టి, పెరిగినపిమ్మట వానిని విడిచి నేల కెక్కునని మీరెరుగుదురు. ఆక్సలాటల్ అట్లు చేయదు. బాల్యరూపముననే పెద్దదై, గ్రుడ్లు పెట్టి, జీవితమంతయు నీటిలోనే గడుపును. మెడకు ఇరుప్రక్కల మూడేసి మొప్పకొమ్మలు ఈకలవలె విచ్చుకొని యుండును. ఒక్కొక్క కొమ్మకు సన్నని కుచ్చులు వ్రేలాడును. వాని పలుచని చర్మము క్రింద రక్తము పారుచు నీటిలోని ప్రాణవాయువును గ్రహించును. చేపమొప్పలకు పైమూత కలదు, వీనికి లేదు. దెబ్బ తినుట అందుచేతనే సులభము.

తొట్టిలో తోడుగా వేసిన చేపలు ఆ కుచ్చులను పురుగులని భ్రమించి కొరుకును. ఆకలిగొన్న తోబుట్టువులును కొరుకును. అయినను పండ్లకంటె నీరే ఎక్కువ హాని చేయును. జంతువు విసర్జించిన మలమునుండియు, మిగిలి క్రుళ్ళిన ఆహారమునుండియు అమ్మోనియా పుట్టును. పాత తొట్టిలో సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, పిదప అంత హాని లేని నైట్రేటుగను మార్చును. క్రొత్త తొట్టిలో ఆ సూక్ష్మజీవులు పెరుగుటకు కొన్ని వారములు పట్టును. అంతవరకు వేచియుండక జంతువును విడిచినచో అమ్మోనియా దాని మొప్పలను కాల్చును. కుచ్చులు రాలి కొమ్మలు మోడులగును. ఒక్కొక్కప్పుడు వానిపై దూదివంటి తెల్లని బూజు పట్టును. జంతువు మేత మాని, మాటిమాటికి పైకి వచ్చి గాలి మ్రింగును. దానికి ఊపిరితిత్తులును ఉన్నవి. మొప్పలు చెడినప్పుడు వానినే ఆశ్రయించును.

అట్టి స్థితిలో మొదట చేయవలసినది మందు వేయుట కాదు, నీరు మార్చుట. జంతువును వేరొక శుభ్రమైన పాత్రలో ఒంటరిగా ఉంచి, ప్రతిదినము నీరంతయు మార్చవలెను. కుళాయినీటిలోని క్లోరిన్ విరిగినపిమ్మటనే వాడవలెను. క్లోరమైన్ కలిపిన నీరు ఊరక నిలువ ఉంచినంత మాత్రమున శుద్ధి కాదు. దానికి తగిన ద్రవము అంగళ్ళలో దొరకును. నీరు 16 నుండి 18 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో ఉండుట మేలు. చల్లని నీటిలో ప్రాణవాయువు హెచ్చుగా కరగియుండును. అమ్మోనియా విషమును తగ్గును. 24 డిగ్రీలు దాటినచో దానికి ప్రమాదము. మన కోస్తా వేసవిలో ఇంటి నీరు దీనికి ఎంతమాత్రము తగదు. ముచ్చటకొరకు దీనిని తెప్పించుకొనువారు మొదట ఈ సంగతి ఆలోచింపవలెను. పాత్రను నీడలో ఉంచవలెను. నీటిని ఉరవడిగా చిమ్ము యంత్రము వలదు, చేతితో తాకరాదు.

ఉప్పునీటి స్నానముచే బూజు పోవుననుట నిజమే. కాని ఉప్పు మించినచో లేతమొప్పలు కమిలిపోవును. చేపల మందులు కొన్ని దీనికి విషములు, ఏలయన దీని చర్మము నీటిలోని ద్రవ్యములను సులభముగా లోనికి పీల్చుకొనును. ఈ విషయమున పశువైద్యుని అడుగుటయే మార్గము.

ఇక ఆశ్చర్యకరమైన సంగతి. మనకు వ్రేలు తెగినచో మచ్చ మిగులును. ఆక్సలాటల్‌కు కాలు తెగినను క్రొత్త కాలు మొలచును! గాయముపై చర్మము త్వరలో కప్పుకొనును. దాని క్రింద కణములు చేరి మొగ్గవలె ఉబ్బి, క్రమముగా ఎముక, కండ, నరము అన్నియు యథాస్థానములలో ఏర్పడును. మొప్పలును అట్లే మరల పెరుగును. ఈ శక్తిని తెలిసికొనగోరి శాస్త్రజ్ఞులు దీని జన్యురాశిని 2018లో ప్రకటించిరి. అది మానవుని దానికంటె సుమారు పది రెట్లు పెద్దది. ఇంత శక్తి కలిగియు సోచిమిల్కోలో ఈ జాతి అంతరింపనున్నది. 1998లో చదరపు కిలోమీటరునకు సుమారు 6,000 ఉన్నవని లెక్కింపబడెను. 2008 నాటికి సుమారు నూరు మాత్రమే. మురికినీరును, తెచ్చి వదలిన కార్పు, తిలాపియా చేపలును దీనికి ముఖ్యకారణములు.

తొట్టిలోని రోగి కోలుకొనుచున్న గురుతు మొదట మేతలో కనబడును. వానపాము ముక్కను నోటికందుకొన్నచో ఆశ పెట్టుకొనవచ్చును. మేత మిగిలినచో వెంటనే తీసివేయవలెను. కొన్ని వారములలో మోడులపై చిన్న కుచ్చులు కనిపించును. అప్పుడు దానిని పాత తొట్టిలో విడుచుటకు తొందర పడరాదు. ఆ తొట్టినీటిని పరీక్షించి, అమ్మోనియాయు నైట్రైటును బొత్తిగా లేవని తేలినపిమ్మటనే విడువవలెను. లేనిచో క్రొత్త కుచ్చులును పాతవానివలెనే కాలిపోవును.