ప్రహరీ గోడ గాలికి నిలుస్తుందా?

పశువుల దొడ్డికి నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ లేపి, ఖర్చు కలిసొచ్చిందని అనుకోకండి. ఇంటి గోడకైతే అడ్డగోడలు, కప్పు ఆసరా ఉంటాయి. ప్రహరీ ఒంటరిగా నిలవాలి.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. ఆ వేగానికి గోడ మీద చదరపు అడుగుకు కనీసం 14 కిలోల ఒత్తిడి పడుతుంది. అయిదడుగుల ఎత్తు గోడకు ప్రతి అడుగు పొడవునా 70 కిలోలన్నమాట! మరో రెండడుగులు లేపారా, పడదోసే బలం దాదాపు రెట్టింపే. తొమ్మిదంగుళాల గోడ కూడా ఒట్టి బరువుతో ఆగదు. పునాది నుంచే పిల్లర్లు లేపించండి. తీగల కంచెకు ఫ్లెక్సీ కడితే అదీ గోడ కిందే లెక్క, రాళ్లతో సహా పెకిలించుకుపోద్ది.

తుపాను కబురొస్తే ముందు గోడ పక్కన కట్టిన గొడ్లను విప్పి దూరంగా తోలండి.