కాలు పట్టుకుంటే ఎందుకు పడతాడు?

కూతపెట్టి దూసుకువచ్చిన బలశాలిని ఒక బక్కపలచని కుర్రవాడు చీలమండ దగ్గర ఒడిసిపట్టి పడగొట్టడం మీరు చూసే ఉంటారు. జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో స్థిరపడిన మన చిత్రపరిశ్రమకూ కబడ్డీ అంటే మక్కువే. ‘ఒక్కడు’ (2003)లో కథానాయకుడు కబడ్డీ ఆటగాడు. ‘సీటీమార్’ (2021)లో శిక్షకుడు. అయితే సినిమా పోరాటంలో మనిషిని ఎగరవేయడానికి తాడు ఉంటుంది, పడితే కింద పరుపు ఉంటుంది. మన బడి మైదానంలో ఆ రెండూ ఉండవు.

ఒక చిన్న ప్రయోగం

అగ్గిపెట్టెను నోటుపుస్తకం మీద నిలువుగా నిలబెట్టండి. పుస్తకాన్ని ముందుకు జరుపుతూ చటుక్కున ఆపండి. పెట్టె ముందుకు పడుతుంది. పెట్టెను పడుకోబెట్టి మళ్ళీ చేయండి. ఈసారి జరుగుతుందేమో గాని, బోర్లాపడదు.

కారణమేమిటి? అడుగుభాగం ఆగినా, జడత్వం వల్ల పైభాగం ముందుకే పోతుంది. గరిమనాభి నుండి గీచిన నిట్టనిలువు గీత ఆధారాన్ని దాటితే వస్తువు పడిపోతుంది. నిలబడిన మనిషి గరిమనాభి సుమారుగా బొడ్డు ప్రాంతంలో ఉంటుంది. ఆధారం రెండు పాదాలే. పరుగెత్తేవాడి పాదాన్ని ఆపితే, అతని వేగమే అతన్ని పడవేస్తుంది. అందుకే కూతకు వెళ్ళేవాడు మోకాళ్ళు వంచి, కాళ్ళు ఎడంగా పెడతాడు.

మోకాలి సంగతి

మోకాలు మడతబందు కీలు. తలుపులాగా ఒక వైపుకే మడుస్తుంది. పక్కలకు వంగకుండా ఇరుపక్కలా, లోపల అడ్డంగా సంధిబంధనాలు కాపాడతాయి. పాదం గాలిలో ఉన్నప్పుడు దెబ్బ తగిలితే కాలు పక్కకు తొలగిపోతుంది. పాదం నేలకు అతుక్కుని ఉన్నప్పుడు బయటివైపు నుండి దెబ్బ తగిలితే, ఆ బలమంతా లోపలివైపు బంధనం మీద పడుతుంది. అది తెగవచ్చు.

అమెరికాలో ఒక వాదన

అమెరికన్ ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. అందులో బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు. అక్కడ ఎదుటివాడి తొడలకో మోకాళ్ళకో ఒంటితో అడ్డుపడి పడగొట్టడాన్ని ‘కట్ బ్లాక్’ అంటారు. ‘చిన్నవాడు పెద్దవాణ్ణి ఎదుర్కొనే ఉపాయం ఇది’ అని కొందరు, ‘మోకాళ్ళు పోతాయి’ అని మరికొందరు వాదిస్తూ వచ్చారు. ఒకడు పైన నిలవరించగా ఇంకొకడు కాళ్ళ మీద పడితే అది ‘చాప్ బ్లాక్’. పైన బిగిసిపోయిన మనిషి పడిపోయి కూడా తప్పించుకోలేడు. అందుకే అక్కడి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ 2016లో దీన్ని పూర్తిగా నిషేధించింది.

మన కబడ్డీ నియమాలూ ఇలాంటి తేడానే పాటిస్తాయి. చేతులతో చీలమండ పట్టడం న్యాయమే. కాళ్ళతో కత్తెర వేసి పట్టడం తప్పు.

కాబట్టి కిందికి వంగి పట్టడం పిరికితనమూ కాదు, అన్యాయమూ కాదు. పట్టు చీలమండకు వేయండి. మోకాలిని పక్కనుండి ఢీకొనకండి. ఎవరి మోకాలైనా మెలిపడి వాచితే ఆట ఆపించండి. మర్దన చేయకుండా, నడిపించకుండా, గుడ్డలో చుట్టిన మంచుగడ్డ పెట్టి వైద్యుడికి చూపించండి. ఆటలో పోయిన పాయింటు మరో కూతలో వస్తుంది. తెగిన బంధనం అంత తేలికగా అతుకుతుందా?