అతి సున్నితత్వం జబ్బు కాదు

ప్రశ్న: పెళ్లిలో డీజే మోగినా, పెర్‌ఫ్యూమ్ ఘాటు తగిలినా, ఎవరైనా గొంతు పెంచినా తట్టుకోలేను. ఇంట్లో ‘ఓవర్ చేస్తావు’ అంటారు. నాలాంటివాళ్లకు అండ ఎక్కడ దొరుకుతుంది?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీరు ఓవర్ చేయడం లేదమ్మా. అమెరికన్ మనస్తత్వవేత్త ఎలైన్ ఆరన్ 1996లో ఇలాంటివాళ్ల గురించి పుస్తకమే రాశారు. జనంలో 15 నుంచి 20 శాతం మంది ఇలా ఉంటారని ఆమె అంచనా. ఇది స్వభావం, రోగం కాదు. ఆమె తయారుచేసిన 27 ప్రశ్నల పట్టిక మిమ్మల్ని మీరు అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది, రోగ నిర్ధారణకు కాదు.

అండ ఇంటినుంచే మొదలవ్వాలని నా గట్టి నమ్మకం. అందరినీ ఒప్పించాలని చూడకండి. అక్కకో, వదినకో, ఒక్కరికి విడమరచి చెప్పండి. పెళ్లికి వెళ్లినప్పుడు స్పీకర్లకు దూరంగా కూర్చోబెట్టడం, మధ్యలో కాసేపు మేడమీదికి వెళ్తే ‘ఏదీ అమ్మాయి?’ అని అడిగేవాళ్లకు సర్దిచెప్పడం వాళ్లు చూసుకుంటారు. మీలాంటి మరో ఇద్దరు ముగ్గురు తారసపడితే నెలకోసారి కలవండి. పెద్ద గుంపు అక్కర్లేదు.

నిద్ర పట్టకపోయినా, భయంతో పనులు ఆగిపోయినా అది ఆందోళన సమస్య కావచ్చు. అప్పుడు సైకాలజిస్టును కలవాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా, ఏ వేళలోనైనా మాట్లాడతారు.